లాడ్జి గదుల్లో పెంపుడు జంతువులు: తాళంచెవి ఇచ్చే ముందే చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

గత మాఘమాసంలో బంధువుల ఇంట పెళ్లికి నల్లగొండ నుంచి మహబూబ్‌నగర్ వెళ్లి, 76 ఏళ్ల మా అమ్మతో కలిసి ఒక లాడ్జిలో ఆ రాత్రికి గది తీసుకున్నాను. మా అమ్మకు ఉబ్బసం ఉంది. మా వైపు దాన్ని దమ్ము అంటారు. పిల్లి బొచ్చు తగిలితే అది ఎక్కువవుతుందని డాక్టర్లు ఎప్పుడో తేల్చి చెప్పారు కాబట్టి ఇంట్లో ఆ జాగ్రత్తలన్నీ పాటిస్తున్నాం. అర్ధరాత్రి దాటాక ఆమె లేచి కూర్చుని, "దమ్మాడుతలేదు బిడ్డా, కిటికీ తెరువు" అన్నది. ఇన్‌హేలర్ రెండుసార్లు పీల్చినా తగ్గకపోవడంతో ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయి, తెల్లవారేదాకా నెబులైజర్ మీద ఉంచవలసి వచ్చింది.

పొద్దున గదికి తిరిగి వచ్చి చూస్తే ఆమె కప్పుకున్న రగ్గు అంచుల వెంట సన్నని తెల్లని వెంట్రుకలు కనబడ్డాయి. రూంబాయ్‌ని అడిగితే, అంతకుముందు రెండు రాత్రులు ఆ గదిలో దిగిన కుటుంబం రెండు పిల్లులను వెంట తెచ్చుకున్నదని దాచకుండా చెప్పాడు. మేనేజర్ మాత్రం దుప్పట్లన్నీ మార్చామని వాదించారు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. పరుపు మీది దుప్పటి, దిండు గలీబులు మార్చారు. రగ్గును మడతపెట్టి మళ్లీ అక్కడే పెట్టారు. ఆ లాడ్జి పేరు రాయను. పిల్లులను తెచ్చుకున్న కుటుంబాన్నీ తప్పుపట్టను, ఎందుకంటే వాళ్లు ముందే అడిగి, అదనపు కిరాయి కట్టి మరీ తెచ్చుకున్నారట. నాకు తాళంచెవి ఇచ్చినప్పుడు ఆ ఒక్క మాట చెప్పి ఉంటే నేను వేరే గది అడిగేవాడిని. ఈ లేఖ రాయడానికి కారణం అదొక్కటే.

జీవశాస్త్రం చెప్పిన ఉపాధ్యాయుడిగా ఇక్కడ ఒక అపోహ గురించి వివరించవలసి ఉంది. గదిలో వెంట్రుకలు కనబడకపోతే శుభ్రంగా ఉన్నట్టేనని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇబ్బంది పెట్టేది వెంట్రుక కాదు. పిల్లి లాలాజలంలో, చర్మపు గ్రంథుల్లో ఫెల్ డి 1 అనే ప్రొటీన్ ఉంటుంది. పిల్లి రోజంతా ఒళ్లు నాక్కుంటుంది కనుక అది బొచ్చుకు అంటి, ఎండి, కంటికి కనబడనంత సన్నని ధూళిగా మారి గాలిలో తేలుతుంది. పరుపులకు, కర్టెన్లకు, గోడలకు అంటుకుంటుంది. పిల్లిని ఇంట్లో నుంచి తీసేసిన తర్వాత కూడా దాని మోతాదు బాగా తగ్గడానికి నెలలు పడుతుంది. కుక్కలకూ ఇలాంటి ప్రొటీన్లే ఉంటాయి. మన దగ్గర రగ్గులను, పరుపులను ఎండలో వేసి దులిపితే చాలునన్న నమ్మకం ఉంది. ఎండకు నల్లులు పోవచ్చును గాని ఈ ప్రొటీన్ పోదు, ఎందుకంటే అది చావడానికి ప్రాణి కాదు. దులిపితే ఇంకా గాలిలోకి లేస్తుంది. నీళ్లలో ఉతికితేనే వదులుతుంది. నేలను చీపురుతో ఊడ్చడం కంటే తడిబట్టతో తుడవడం మేలు అనేదీ ఇందుకే. పైగా ఇది మనుషుల బట్టలకు అంటుకుని పిల్లి ఎన్నడూ అడుగుపెట్టని చోటికి కూడా చేరుతుంది కాబట్టి, జంతువుల ఆనవాలే లేని గదిని ఇస్తామని ఏ యజమానీ హామీ ఇవ్వలేడు. ఆ హామీ నేను అడగడం లేదు. గదిలో అంతకుముందు జంతువులు దిగాయో లేదో, ఆ తర్వాత ఏమేమి ఉతికారో చెప్పమని అడుగుతున్నాను.

ఇక మన మాటల్లో ఉన్న ఒక చిక్కు ఈ విషయాన్ని ఇంకా ముడివేస్తున్నది. మన జిల్లాల్లో హోటల్ అంటే ఇడ్లీ, బిర్యానీ దొరికే చోటు. పడుకోవడానికి గది ఇచ్చేది లాడ్జి. కింద హోటల్, పైన లాడ్జి ఒకే భవనంలో ఉండడం నార్కట్‌పల్లి, చిట్యాల, జడ్చర్ల వంటి రహదారి ఊళ్లలో మామూలే. వంట చేసే, ఆహారం నిల్వచేసే చోటికి జంతువులను రానివ్వకూడదని 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద 2011లో వచ్చిన నిబంధనల నాలుగో షెడ్యూలు చెబుతున్నది. దానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేరు. పడకగదికి వర్తించవలసిన నియమం వేరు. అక్కడ చూడవలసినవి పరుపు, రగ్గు, తదుపరి అతిథి ఆరోగ్యం. ఈ తేడా పట్టించుకోకుండా కొందరు యజమానులు "హోటల్లోకి జంతువులు నిషేధం" అని ఒక బోర్డు పెట్టి, అదనపు డబ్బు ఇచ్చినవారికి పైన గదులు ఇస్తున్నారు. బోర్డును నమ్మిన అతిథికి నిజం తెలియదు.

పది పదిహేనేళ్ల కింద ఈ సమస్య ఇంతగా లేదు. మన ఊళ్లలో కుక్క వాకిట్లో ఉండేది, పిల్లి గాదె దగ్గర ఎలుకలు పట్టేది. అవి మంచమెక్కడం అరుదు. ఇప్పుడు హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో పిల్లలతో సమానంగా పెరిగిన కుక్కలు వారాంతాల్లో కార్లలో నాగార్జునసాగర్‌కు, సోమశిలకు, శ్రీశైలం దారిలో మన్ననూరుకు వస్తున్నాయి. పెంచుకున్నవారికి వాటి మీద ఎంత ప్రేమ ఉంటుందో నాకు తెలుసు. మా ఇంట్లోనూ పన్నెండేళ్లు ఒక కుక్క ఉండేది. వాళ్లకు కూడా ఇప్పటి పద్ధతి వల్ల నష్టమే. ఫోన్లో సరేనని, తీరా వచ్చాక కుదరదంటే, మే నెలలో 44, 45 డిగ్రీలు కాసే నల్లగొండ ఎండలో ఆ కుక్కను ఎక్కడ ఉంచాలి? అద్దాలు మూసిన కారులో వేడి నిమిషాల్లో పెరిగిపోతుంది. అలా వదిలేస్తే ఆ ప్రాణి దక్కదు. కాబట్టి గది బుక్ చేసే నాడే, ఉంటే ఉంది, లేకుంటే లేదని తేల్చి చెప్పడం వాళ్ల పట్ల కూడా న్యాయమే.

పెంపుడు జంతువు వేరు, వికలాంగుడికి పనిచేసే కుక్క వేరు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదని నేను గట్టిగా కోరుతున్నాను. మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు కోల్పోయిన సైనికుల కోసం 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో దారిచూపే కుక్కల శిక్షణ మొదలైంది. ఈనాడు చెవులు వినబడనివారికి తలుపు చప్పుడు తెలిపేవి, మధుమేహం ఉన్నవారిలో చక్కెర పడిపోతున్నదని హెచ్చరించేవి కూడా ఉన్నాయి. డాలస్‌లో ఉండే మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు ఒక హోటల్ కౌంటర్ వద్ద చూపులేని ఒకాయన తన కుక్కతో వచ్చి గది తీసుకోవడం చూశాను. కౌంటర్‌లోని యువతి ఆయనను రెండే ప్రశ్నలు అడిగింది: ఈ కుక్క మీకు వైకల్యం కారణంగా అవసరమైనదేనా, ఏ పని చేయడానికి దీనికి శిక్షణ ఇచ్చారు? అంతకుమించి అడగడానికి అక్కడి చట్టం ఒప్పుకోదని మా అమ్మాయి తర్వాత చెప్పింది. 1990 నాటి అమెరికా వికలాంగుల చట్టం ప్రకారం ధ్రువపత్రం చూపమనకూడదు, పెంపుడు జంతువుల రుసుము వసూలు చేయకూడదు; వేరే అతిథికి అలర్జీ ఉందనో, కుక్కంటే భయమనో చెప్పి గది నిరాకరించనూ కూడదు. ఆ ఇద్దరినీ దూరదూరంగా వేర్వేరు గదుల్లో ఉంచడమే అక్కడి మార్గం. సామాను పాడైతే మాత్రం, మామూలు అతిథుల దగ్గర వసూలు చేసినట్టే, ఆ ఖర్చు రాబట్టుకోవచ్చు.

అక్కడ కూడా దుర్వినియోగం జరిగింది. మనసుకు ఊరట కోసం తెచ్చుకున్న జంతువులన్నింటినీ సేవా జంతువులుగా చెప్పుకోవడం మొదలైంది. 2011 మార్చి 15 నుంచి అమలైన నిబంధనలు వికలాంగుడి కోసం నిర్దిష్టమైన పని చేసేలా శిక్షణ పొందిన కుక్కనే సేవా జంతువుగా నిర్వచించి, కేవలం ఊరటనిచ్చే జంతువులను ఆ నిర్వచనం నుంచి తప్పించాయి. ఒక్క చిన్న జాతి గుర్రానికి మాత్రం విడిగా వెసులుబాటు ఇచ్చారు. మనం నియమం రాసుకునే నాడు ఆ గీత మొదటే గీసుకోవాలి.

మన దేశంలో 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వైకల్యం కారణంగా వివక్ష చూపకూడదని మూడో సెక్షన్ చెబుతున్నది. అవసరమైన సర్దుబాటు చేయకపోవడం కూడా ఆ చట్టం దృష్టిలో వివక్షే. దారిచూపే కుక్క మన జిల్లాల్లో అరుదు కావచ్చు. అయినా ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన మనుషులను మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు తరతరాలుగా చూసిన జిల్లా మాది. వైకల్యంతో వచ్చిన అతిథిని ముందే ఆలోచించిపెట్టని కారణంగా గుమ్మంలో నిలబెట్టడం ఈ నేలకు తగదు. మా అమ్మ పడిన బాధను చూసి కూడా ఈ మాట రాస్తున్నాను. చూపులేని అతిథి తన కుక్కతో ఆ లాడ్జికి వస్తే ఆయనకు గది ఇవ్వాలి, మా అమ్మకు ఇంకో గది ఇవ్వాలి.

జబ్బుల విషయంలో ఉన్న భయాలను కూడా వేరుచేసి చూడాలి. రేబిస్ పరుపు మీద ఆరిపోయిన లాలాజలంతో రాదు; కరిచినప్పుడు, లేదా గాయం మీద లాలాజలం పడినప్పుడు వస్తుంది. లక్షణాలు మొదలైతే బతికించడం దాదాపు అసాధ్యం కనుక టీకా పత్రం అడగడంలో తప్పు లేదు. తామర అలా కాదు. పిల్లికూనల బొచ్చు నుంచి పరుపులకు, దువ్వెనలకు చేరి, నెలల తరబడి నిలిచి, ఆ తర్వాత వచ్చినవారికి అంటుకోగలదు. కుక్కల రక్తం పీల్చే గోమార్లు మంచం సందుల్లో దాక్కుంటాయి. తామర, గోమార్ల బెడద నయం చేయగలిగినవి; రేబిస్‌తో సహా ఇవన్నీ నివారించగలిగినవే. మన్ననూరు పరిసరాల వసతి గృహాలు ఇంకో అడుగు ముందుకు వేసి కుక్కలకు వచ్చే డిస్టెంపర్ టీకా కూడా ఉన్నదో లేదో చూడాలి, ఎందుకంటే అవి అమ్రాబాద్ పులుల అభయారణ్యం అంచున ఉన్నాయి. ఆ వ్యాధి పులులు, సింహాలు వంటి పెద్దపిల్లుల జాతికీ సోకుతుంది. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో మూడోవంతు సింహాలను బలిగొన్నది అదే.

పట్టింపుల సంగతి కూడా ఉంది. చెర్వుగట్టు జాతరకు మడితో వెళ్లేవారు, జాన్‌పహాడ్ ఉర్సుకు నమాజు శుద్ధితో వెళ్లేవారు ఈ లాడ్జిల్లోనే దిగుతారు. కుక్క పడుకున్న పరుపు మీద పడుకోలేమని వారంటే వాదించడానికి ఏమీ లేదు.

పదిహేను ఇరవై గదుల లాడ్జికి ఇది భారం కానవసరం లేదు. కింది అంతస్తులో ఒక చివర రెండు గదులు, నేల మీద టైల్స్ తప్ప కార్పెట్ లేకుండా, తోలు లేదా రెగ్జిన్ కుర్చీలతో విడిగా పెట్టుకుంటే చాలు. జంతువు దిగిన ప్రతిసారీ రగ్గు, దిండు గలీబు, కర్టెన్లతో సహా ఉతకాలి. ఆ ఖర్చును పెంపుడు జంతువుల యజమానుల నుంచే తీసుకోవాలి. దారిచూపే కుక్క మీద పైసా తీసుకోకూడదు. ఎక్కడికి పోవాలంటే అక్కడికి తన మనిషితోనే పోవాలి కాబట్టి దాన్ని ఈ రెండు గదులకే కట్టివేయనూ కూడదు. రిజిస్టర్‌లో పేరు, ఊరు రాసుకుంటున్న చోటే జంతువు ఉందా, ఏ టీకా పత్రం చూపారు అని ఇంకొక గడి గీసుకుంటే, తర్వాతి అతిథి అడిగినప్పుడు మేనేజర్ జ్ఞాపకం మీద ఆధారపడవలసిన పని ఉండదు. కౌంటర్ వద్ద బోర్డు తెలుగులో, ఉర్దూలో ఉండాలి. ట్రేడ్ లైసెన్సు రెన్యువల్ కోసం వచ్చిన యజమానుల నుంచి మున్సిపాలిటీలు ఈ నియమాల కాగితాన్ని కూడా తీసుకోవాలని కమిషనర్లను కోరుతున్నాను. పర్యాటక శాఖ సాగర్‌లోనూ ఇతర చోట్లా నడుపుతున్న తన వసతి గృహాల్లో ముందుగా అమలుచేస్తే ప్రైవేటు యజమానులకు నమూనా దొరుకుతుంది.

వచ్చే నెలలో దేవరకొండలో మా మేనకోడలి పెళ్లి ఉంది. గది కోసం అక్కడి ఒక లాడ్జికి ఫోన్ చేసి, పిల్లులు, కుక్కలు దిగని గది కావాలని, కారణం కూడా చెప్పి అడిగాను. ఫోన్ ఎత్తినాయన విసుక్కోలేదు. రిజిస్టర్ చూసి చెబుతానని పెట్టేసి, పావుగంటలో తనే మళ్లీ ఫోన్ చేసి, "పై అంతస్తులో ఒక రూం ఉంది సార్, అందులో కుక్కలు, పిల్లులు ఎప్పుడూ దిగలే, రగ్గులు కూడా మొన్ననే ఉతికించినం, అమ్మను తీసుకొని రండి" అన్నారు.

భవదీయుడు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
నల్లగొండ