సింధుకు, కెంపెన్ ఇసుక బాటల గురించి

చిరంజీవి సింధుకు అమ్మ ఆశీస్సులు.

బెల్జియంలోని హాసెల్ట్‌లో ఇల్లు కుదిరిందన్న కబురు వినగానే మీ నాన్న పటం తెరిచి, ఆఫీసు ఎంత దూరం, మన సరుకులు దొరికే కొట్టు ఎక్కడ అని లెక్కలు మొదలుపెట్టారు. నాకు మాత్రం నువ్వు చివర్లో అన్న మాటే చెవిలో ఉండిపోయింది. “ఇక్కడ అంతా చదునేనమ్మా. కొండ లేదు, గుట్ట లేదు. పరిగెత్తడానికి జిమ్‌లో ట్రెడ్‌మిల్ చాలు” అన్నావు. పైగా ఏదో యాప్‌లో జనం ఎక్కువ నక్షత్రాలు ఇచ్చిన దారుల జాబితా పంపి, ఇందులో ఏది అందంగా ఉంటుందో చెప్పమన్నావు.

ఆ జాబితా పక్కన పెట్టు. లూవెన్‌లో పరిశోధన చేసిన రోజుల్లో అక్కడి అడవుల్లోనూ బీళ్లలోనూ తెగ పరిగెత్తినదాన్ని కాబట్టి చెబుతున్నాను. బెల్జియం ఉత్తర భాగమైన ఈ ఫ్లాండర్స్‌లో దారిని కంటితో ఎంచుకుంటే నిరాశే. పాదంతో ఎంచుకోవాలి. ఎక్కడి నేల ఎలాంటిదో తెలిస్తే అక్కడ ఏ చెట్టు పెరుగుతుందో, ఏ నెలలో వెళ్లాలో, వాన వెలిశాక ఏ బాట కాలికి అనువుగా ఉంటుందో దానంతట అదే తెలిసిపోతుంది.

నువ్వు దిగిన ఊరు రెండు నేలల సరిహద్దులో ఉంది. డేమర్ నదికి ఉత్తరాన కెంపెన్, ఇసుక సీమ. దక్షిణాన హాస్పెన్‌గౌ, ఆపిల్, పియర్, చెర్రీ తోటల సీమ. మంచుయుగంలో ఉత్తరపు గాలులు ఎత్తుకొచ్చినదాంట్లో బరువైన ఇసుక ముందే రాలిపోయింది. తేలికైన ధూళి మరికొంత దూరం పోయి దక్షిణాన పరుచుకుంది. అంత పాత గాలి ఇప్పటికీ నీ బూట్ల సంగతి తేలుస్తుంది. ఇసుక వాననీటిని ఇట్టే తాగేస్తుంది. ఆ దక్షిణపు మట్టి మాత్రం తడిస్తే బూటుకు పట్టుకుని వదలదు, అడుగడుక్కీ అరకిలో బరువు పెరుగుతుంది. అందుకే వాన కురిసిన వారం ఉత్తరానికి వెళ్లు. వారం రోజులు ఎండ కాసిందా, దక్షిణానికి వెళ్లు. ఏప్రిల్‌లో తోటలు పూసినప్పుడు పొడి వాతావరణం ఉంటే మాత్రం ఇంకేమీ ఆలోచించకు, రైలెక్కి సింట్ ట్రూయిడెన్ వైపు వెళ్లి తోటల మధ్య పరిగెత్తు.

కానీ నేను అసలు చెప్పదలచుకున్నది ఉత్తరం గురించి. హాసెల్ట్ నుంచి గెంక్‌కు రైల్లో ఎంతో సేపు పట్టదు. గెంక్ నుంచి తూర్పున మాస్ నది లోయ దాకా ఉన్నది హోగె కెంపెన్ నేషనల్ పార్కు. 2006లో మొదలైంది, బెల్జియంలో మొట్టమొదటి నేషనల్ పార్కు అదే. మంచుయుగాల్లో మాస్ నది తెచ్చి పోసిన గులకరాళ్ల మేట మీద ఉంది ఆ పీఠభూమి. తూర్పు అంచున నేల ఒక్కసారిగా లోయలోకి దిగుతుంది. ఆ అంచు దగ్గర మెహెల్సె హైడె అనే బీడు ఉంది. చదును అన్నావే, అక్కడ ఇసుక దిబ్బల మీద ఎక్కి దిగాక మళ్లీ ఫోను చెయ్యి. అదీ చాలకపోతే ఐస్డెన్ దగ్గర పాత బొగ్గు గని తవ్వి పోసిన గుట్టలున్నాయి. నేల లోపలి నుంచి తీసిన రాయి అంతా ఒకచోట పోస్తే కొండలయ్యాయి. ఇప్పుడు వాటి మీద బిర్చ్ చెట్లు మొలిచాయి, పైదాకా బాటలున్నాయి. పైనుంచి చూస్తే ఒకవైపు పచ్చని అడవి, ఇంకోవైపు మాస్ లోయ. దేవుడు ఇవ్వని కొండలను గని కార్మికులు చేసి పెట్టారు, ఎక్కడానికి నీకేం?

బీడు అని తేలిగ్గా రాస్తున్నాను కానీ, అది ఊరికే వదిలేసిన నేల కాదు. ఒకప్పుడు అక్కడంతా అడవే. జనం చెట్లు కొట్టి, గొర్రెలు మేపి, పైమట్టిని హెదర్ అనే చిన్న పొదల వేళ్లతో సహా పెళ్లలుగా చెక్కి తీసుకెళ్లి కొట్టాల్లో పశువుల కింద పరిచేవారు. పేడతో కలిసి పండిన ఆ మట్టిని పొలానికి తోలేవారు. పొలం బలపడేది, బీడు ఇంకా బక్కచిక్కేది. ఆ బక్క నేలలోనే హెదర్ పొదలు హాయిగా బతుకుతాయి. బీడు భూములను సాగులోకి తేవాలని 1847లో బెల్జియం ఒక చట్టం చేసింది. తర్వాత రసాయన ఎరువులు వచ్చాయి, గొర్రెల అవసరం తగ్గింది. బీడును దాని మానాన వదిలేస్తే బిర్చ్, పైన్ మొక్కలు లేచి కొన్నేళ్లలో అడవి కమ్మేస్తుంది. అందుకే ఇప్పుడు కూడా గొర్రెలను తోలడం, యంత్రాలతో పైమట్టి చెక్కడం చూస్తావు. “ప్రకృతిని పాడు చేస్తున్నారు” అని వాళ్ల మీద కోప్పడకు. ఆ ఊదా రంగు పూలు ఉండాలంటే ఎవరో ఒకరు ఆ పేదరికాన్ని పోషించాలి మరి.

ఆ పూలు ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబరు తొలి రోజుల దాకా ఉంటాయి. అప్పుడు జనం కూడా ఉంటారు. తెల్లవారుజామున వెళ్లగలిగితే వెళ్లు, లేకపోతే మానెయ్యి. నన్నడిగితే బీడు అసలు అందం నవంబరులో, పొదలన్నీ గోధుమ రంగుకు తిరిగి, రాత్రి మంచుకు ఇసుక గట్టిపడినప్పుడు. వేసవిలో పొడి ఇసుక పిక్కలను పిండేస్తుంది, వేగం సగానికి పడిపోతుంది. గడియారం చూసి దిగులు పడకు. బాట అంచున గడ్డి ఉన్నచోట అడుగు వేస్తే కొంత నయం.

ఇక ఆ పైన్ తోటల సంగతి. వరుసల్లో నాటినట్టు నిటారుగా కనిపిస్తాయి, నాటినవే కూడా. 1901లో ఆస్ అనే ఊరి దగ్గర గనుల ఇంజనీరు ఆంద్రే దుమోంకు బొగ్గు దొరికింది. తర్వాత ఏడు గనులు వెలిశాయి. సొరంగాల్లో పైకప్పుకు ఆసరాగా నిలపడానికి దుంగలు కావాలి, ఇసుక నేలలో త్వరగా నిటారుగా పెరిగేది పైన్. నాకు ఈ సంగతి తెలిసిన రోజు మీ తాతయ్యకు పెద్ద ఉత్తరం రాశాను. కొత్తగూడెం గనిలో ఆయన చేసింది టింబర్ పనే కదా! జవాబులో ఆయన రాసింది ఒకటే విషయం. మంచి దుంగ విరిగే ముందు కిర్రుమంటుందట, ఆ చప్పుడు వినగానే పరిగెత్తాలట. కెంపెన్ గని కార్మికులు పైన్‌ను ఇష్టపడింది కూడా అందుకే. అక్కడి చివరి గని 1992లో మూతపడింది. నరికేవాళ్లు లేక మిగిలిపోయిన చెట్ల కింద ఇప్పుడు నువ్వు పరిగెత్తుతావు. రాలిన సూదుల మీద అడుగుల చప్పుడు వినిపించదు, మోకాళ్లకు అంతకంటే మంచి నేల ఇంకోటి లేదు.

తప్పిపోతానని భయం వద్దు. ఫ్లాండర్స్‌లో అడవులు చిన్నవి, ఏ వైపు వెళ్లినా కాసేపటికి ఒక ఇల్లో చర్చి గోపురమో కనిపిస్తుంది. పైగా కూడళ్ల దగ్గర అంకెలున్న గుర్తులు ఉంటాయి. సైకిళ్ల కోసం ఈ పద్ధతిని 1995లో మీ హాసెల్ట్ ఉన్న లింబర్గ్ రాష్ట్రంలోనే మొదలుపెట్టారు. ఆలోచన హ్యూగో బోలెన్‌ది, ఆయన కూడా గనుల ఇంజనీరే. తర్వాత కాలిబాటలకూ అదే పద్ధతి వచ్చింది. ఇంట్లో పటం చూసి దాటాల్సిన అంకెలను వరుసగా కాగితం మీద రాసుకుంటే చాలు, ఫోను జేబులోంచి తీయనక్కర్లేదు. త్రికోణం కింద రెండు చుక్కలున్న గుర్తు కనిపిస్తే అది కొండ సైకిళ్ల బాట. అందులో దూరకు, మలుపులో వాళ్లకు నువ్వు కనిపించవు.

మీ నాన్న తోడేళ్ల గురించి రాయమని పక్కనే నిలబడి పోరుతున్నారు. నిజమే, 2018లో ఒక ఆడ తోడేలు లింబర్గ్‌కు వచ్చి స్థిరపడింది. అంతకుముందు నూరేళ్లకు పైగా ఆ దేశంలో స్థిరపడిన తోడేలు లేదు. ఇప్పుడు పిల్లలతో కుటుంబాలే ఉన్నాయి. అవి మనిషి వాసనకే తప్పుకుంటాయి, చూడాలన్నా కనబడవు. భయపడాల్సింది తోడేలుకు కాదు, పిడుదులకు. ఫెర్న్ పొదల్లో, ఎత్తు గడ్డిలో కాచుకుని ఉంటాయి, వసంతం నుంచి శరదృతువు దాకా. ఇంటికి రాగానే స్నానానికి ముందు మోకాళ్ల వెనక, చంకల్లో, నడుము దగ్గర వెతుక్కో. కనిపిస్తే పట్టుకారుతో చర్మానికి ఆనించి నేరుగా పైకి లాగు, నూనె గీనె పూయకు. తర్వాతి వారాల్లో అక్కడ ఎర్రని వలయం వెడల్పయితే అదే రోజు డాక్టరు దగ్గరకు వెళ్లాలి. మే చివర నుంచి జులై దాకా ఓక్ చెట్ల మీద బారులు తీరి పాకే గొంగళిపురుగులు ఉంటాయి. వాటి నూగు గాలికి తగిలినా ఒళ్లంతా దద్దుర్లే, ఆ నెలల్లో ఓక్ చెట్ల బాటలు తగ్గించుకో. బీళ్లలో జూలు వేలాడే గాలోవే ఆవులు మేస్తుంటాయి. బాట మీద అడ్డంగా పడుకుంటే చుట్టూ తిరిగి వెళ్లు, దూడకూ తల్లికీ మధ్యలోంచి మాత్రం ఎప్పుడూ పోకు.

ఎండలు ముదిరితే ద్వారం దగ్గర నిప్పు ప్రమాదం ఎంతో చెప్పే రంగు చూడు. ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు. ఎరుపు ఉంటే వెనక్కి తిరిగి వచ్చెయ్యి. ఆంట్వెర్ప్ పైన నెదర్లాండ్స్ సరిహద్దు దగ్గర కాల్మ్‌తౌట్ బీడు 2011 మేలో మండినప్పుడు వందల హెక్టార్లు బూడిదయ్యాయి. ఎండిన హెదర్‌కు నిప్పు అంటుకుంటే నీ పరుగు దాన్ని దాటలేదు. అన్నట్టు ఆ బీడు కూడా చూడదగ్గదే. హైడె అనే స్టేషన్‌లో దిగితే నడిచి వెళ్లిపోవచ్చు. మడుగుల మధ్య దారులు, నిండా ఆకాశం. కాకపోతే నీకు దూరం, సెలవు రోజుకు దాచుకో.

లూవెన్ నీకు నేరుగా రైలు. శనివారం ఎప్పుడైనా వెళ్లి హేవర్లే అడవిలో మొదలుపెట్టి మేర్‌దాల్ దాకా పరిగెత్తు. ఒకప్పుడు అరెన్‌బెర్గ్ ప్రభువుల అడవులవి. అక్కడి నేల మెత్తటి మట్టి, కనుక ఓక్, బీచ్ చెట్లు నింగికి లేస్తాయి, చిన్న చిన్న ఎత్తుపల్లాలూ ఉంటాయి. మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో చెట్లకు ఆకు రాకముందే నేలంతా తెల్లటి అనిమోన్ పూలతో నిండిపోతుంది. జనమంతా నీలి పూల కోసం హాలె అడవికి పోతారు, ఫోటోలు తీసుకునే గుంపుల మధ్య అక్కడ పరిగెత్తడం మన సంత రోజున సైకిల్ తొక్కడం లాంటిదే. మేర్‌దాల్‌లో ఆ బాధ లేదు. పెద్ద రోడ్డు అడవిని రెండుగా కోస్తుంది, దాని మీద 2005లో జంతువుల కోసం చెట్లు పొదలతో ఒక వంతెన కట్టారు. జింకలు రాత్రుళ్లు దాటుతాయి.

చలికాలం గురించి మాత్రం అందంగా చెప్పలేను. డిసెంబరులో సాయంత్రం అయిదు కాకముందే చీకటి, నువ్వు ఆఫీసు నుంచి బయటపడేసరికి అడవి నల్లగా ఉంటుంది. ఆ నెలల్లో ఒంటరిగా అడవిలోకి వద్దు. చాలా ఊళ్లలో ఫిన్నిష్ పిస్త్ అని చెక్క పేళ్లు పరిచిన బాట ఉంటుంది, చాలాచోట్ల దీపాలు కూడా ఉంటాయి. నువ్వు నిజంగా ట్రెడ్‌మిల్‌నే నమ్ముకుంటే కనీసం దానికి బదులు ఇక్కడికి వెళ్లు. గుండ్రంగా తిరగడం విసుగే, కానీ పాదం కింద నేల ఉంటుంది, ముఖానికి గాలి తగులుతుంది, తోటి వాళ్లు పలకరిస్తారు.

బూట్ల కోసం మీ నాన్న నీ ఖాతాలో డబ్బు వేశారు. గట్టి పట్టు ఉన్న అడుగుతో ఒక జత అడవికి, మామూలుది ఒక జత ఊళ్లోకి. మొదటిది నీ కొలత కంటే కాస్త పెద్దదే తీసుకో, మందపాటి మేజోళ్లు వేసుకోవాలి. బూట్లకు మాత్రం డబ్బు ఖర్చు పెట్టు, ఉప్మా రవ్వ నేను పంపుతాను. ఆదివారం ఫోను చేసినప్పుడు ఎన్ని కిలోమీటర్లు పరిగెత్తావో మీ నాన్నకు చెప్పు, ఆయనకు అంకెలంటే ఇష్టం. నాకు ఆ రోజు ఇసుక ఎలా ఉందో చెప్పు.

ప్రేమతో,
అమ్మ