క్లోండైక్ కథలో నది ఏది?

సంపాదకులకు,

బంగారం ధర ఎగబాకిన ప్రతిసారీ క్లోండైక్ కథ ఏదో ఒక పత్రికలో మళ్ళీ కనిపిస్తుంది. 1896లో కెనడా వాయవ్య కొసన ఒక వాగులో బంగారం దొరికింది, లక్షమంది పరుగుతీశారు, కొందరు కోటీశ్వరులయ్యారు, మిగతావాళ్ళు ఉత్త చేతులతో తిరిగొచ్చారు. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ అక్కడ బంగారం ఎలా తీశారో చెప్పకపోతే ఆ నేలకీ, అక్కడి మనుషులకీ ఏమైందో పాఠకుడికి తెలియదు.

ముందు పేరు సంగతి. క్లోండైక్ అన్నది అక్కడి నది పేరు, తెల్లవాళ్ళ నోట్లో నలిగిపోయిన మాట. అక్కడి ఆదివాసులైన హాన్ ప్రజల భాషలో ఆ నది పేరు ట్రోండెక్. సుత్తిలా వాడే రాయి పేరు మీద వచ్చింది. నదికి అడ్డంగా గుంజలు దిగ్గొట్టి దడి కట్టి సాల్మన్ చేపలు పట్టేవాళ్ళు. గుంజలు కొట్టే రాళ్ళవి. ఆ నది వెళ్ళి యుకాన్ అనే పెద్ద నదిలో కలిసే చోట ట్రోచెక్ అనే మకాం ఉండేది. వేసవిలో పట్టిన చేపను అక్కడే ఎండబెట్టి చలికాలానికి దాచుకునేవాళ్ళు. కుక్కలకూ అదే తిండి.

1896 ఆగస్టులో బంగారం కనిపెట్టినవాళ్ళు నలుగురు: టాగిష్ తెగకు చెందిన కేష్, అతని చెల్లెలు షా ట్లా, మేనల్లుడు కా గూఖ్, ఆమె భర్త జార్జ్ కార్మాక్. అక్కడ తవ్వుకునే మొదటి హక్కును కార్మాక్ తన పేర నమోదు చేయించుకున్నాడు. కథల్లో మిగిలింది అతని పేరే.

ఆ వాగుల్లో బంగారం పైకి కనబడేది తక్కువ. నీళ్ళు కొట్టుకొచ్చిన రజను గులకరాళ్ళ పొర దాటి అడుగున ఉన్న బండ మీద పేరుకుంటుంది. బంగారం నీటికంటే 19 రెట్లు బరువు, ఇసుక రెండున్నర రెట్లకు కాస్త ఎక్కువ, అందుకే అది అట్టడుక్కి దిగిపోతుంది. ఆ బండ దాకా మీటర్లకొద్దీ తవ్వాలి. నేల చూస్తే ఏడాది పొడవునా మంచుతో గడ్డకట్టి ఉంటుంది, గునపం దిగదు. అందుకని సాయంత్రం గుంతలో కట్టెలు పేర్చి నిప్పు పెట్టేవాళ్ళు. రాత్రంతా కాలితే తెల్లారేసరికి ఓ అడుగు మట్టి మెత్తబడేది. బూడిదా బురదా ఎత్తిపోసి, మళ్ళీ కట్టెలు. బండ తగిలాక పక్కలకు సొరంగం తవ్వుకుంటూ పోవడం, చేత్తో తిప్పే గిలకతో బకెట్లు పైకి లాగడం. ఇదంతా చలికాలంలోనే. ఎండలొచ్చాక తవ్వితే గోడలు కరిగి కూలతాయి, ఊట నీళ్ళు గుంతను ముంచేస్తాయి. పొగ పూర్తిగా పోకముందే తొందరపడి దిగినవాడికి ఊపిరాడక స్పృహ తప్పేది.

పైకి తీసిన మట్టి గుట్టలుగా పడి ఉండేది. వాగు మళ్ళీ పారేదాకా అందులో ఎంత బంగారముందో ఎవరికీ సరిగ్గా తెలియదు. వసంతంలో చెక్క కాలవలు అమర్చేవాళ్ళు. దాదాపు 12 అడుగుల పెట్టెలు ఒకదాని కొసన ఒకటి, అడుగు పొడవుకు అంగుళం వాలు, అడుగున అడ్డపట్టీలు. మట్టి పోసి నీళ్ళు వదిలితే రాయీ ఇసుకా కొట్టుకుపోతాయి, బంగారం పట్టీల దగ్గర ఆగుతుంది. వాలు ఎక్కువైతే సన్న రజను నీళ్ళతోపాటు పోతుంది. తక్కువైతే పట్టీల మధ్య ఇసుక బిగిసిపోయి, వచ్చిన బంగారం దాని మీదుగా జారిపోతుంది. జిగట మట్టి ఉండలు మరీ చేటు. దొర్లుతూ రజనును ఒంటికి అంటించుకుని వెళ్ళిపోతాయి. మన కంసాలి వీధుల్లో కాలవ మట్టి ఎత్తి పళ్ళెంలో కడిగేవాళ్ళ పని కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది. అక్కడ మాత్రం ఒక లోయనంతా పట్టుకుని కడిగారు.

ఈ పద్ధతికి రెండు కావాలి: కట్టె, నీళ్ళు. ఆ చలిలో సూదుల్లాంటి ఆకులుండే స్ప్రూస్ చెట్టు ఎదగడానికి ఎన్నో ఏళ్ళు పడుతుంది. గుంతల్లో నిప్పుకీ, గుడిసెకీ, చెక్క కాలవకీ, పడవకీ, ఆవిరి ఓడ బాయిలరుకీ ఆ చెట్టే. వాగుల పక్క కొండలు బోడిగుండ్లయ్యాయి. ఇక సాల్మన్ గుడ్లు పెట్టేది నది అడుగు గులకరాళ్ళ సందుల్లో. ఆ సందుల్లోంచి తేట నీళ్ళు పారితేనే గుడ్డుకు ప్రాణవాయువు అందుతుంది. మట్టి కడిగిన బురద ఆ సందులను పూడ్చేస్తే గుడ్డు అక్కడే చస్తుంది. బంగారం కడిగిన నీళ్ళు పోయి కలిసేది ట్రోండెక్‌లోనే.

వచ్చినవాళ్ళ కష్టాల గురించి చాలామంది రాశారు, క్లుప్తంగా చెప్తాం. ఏడాదికి సరిపడా తిండి లేనిదే కెనడా పోలీసులు సరిహద్దు దాటనివ్వలేదు. సామానంతా కలిపి మనిషికి దాదాపు ఒక టన్ను, ఒక్క గోధుమపిండే 180 కిలోల దాకా. చిల్కూట్ కనుమ మీదికి దాన్ని ముప్ఫై నలభై విడతలుగా మోయాలి. ఆ దారి తరతరాలుగా ట్లింగిట్ ప్రజలది. మొదట్లో మోతకూలి వాళ్ళకు బాగానే గిట్టింది. తర్వాత తాళ్ళ మీద సామాను లాగే యంత్రాలు, 1900 నాటికి వైట్ హార్స్ దాకా రైలు వచ్చి ఆ బతుకుతెరువును లాగేసుకున్నాయి. బంగారు వాగుల దగ్గర లేచిన డాసన్ పట్టణం చేరినవాళ్ళు ముప్ఫై నలభై వేలు. వాళ్ళు వచ్చేసరికే మంచి వాగులన్నీ పంచేసుకున్నారు. 1899లో అలాస్కాలోని నోమ్‌లో బంగారం అనగానే వేలమంది అటు వెళ్ళిపోయారు.

హాన్ ప్రజలు అలా వెళ్ళలేరు. ట్రోచెక్ మీద బంగారం కోసం వచ్చినవాళ్ళ గుడిసెలు లేచాయి. 1897లో వాళ్ళ పెద్ద ఐజాక్ తన వాళ్ళను దాదాపు 5 కిలోమీటర్లు దిగువన మూస్‌హైడ్‌కు తరలించుకుపోయాడు. వాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. డాసన్‌కు మాంసం, చేపలు అమ్మారు. కానీ తమ పాటలు, నాట్యాలు ఈ రద్దీలో నిలవవని ఐజాక్‌కు అర్థమైంది. వాటిని అలాస్కాలోని బంధువుల దగ్గర దాచమని అప్పగించాడు. దాదాపు వందేళ్ళ తర్వాత, 1990లలో అవి తిరిగి ఇంటికి చేరాయి.

రద్దీ తగ్గాక యంత్రాలు దిగాయి. 1912లో కట్టిన నాలుగో నంబరు తవ్వోడ (నీళ్ళ మీద తేలుతూ నేలను తవ్వి కడిగే యంత్రం, డ్రెడ్జ్) 1959 దాకా పనిచేసింది. సన్న మట్టి ముందు కిందపడి, పెద్ద రాళ్ళు దాని మీద పడేలా వెనక్కి పోసుకుంటూ పోయేది. అంటే నేల తిరగబడింది: మొక్క వేరు పట్టుకుని మొలవాల్సిన మట్టి అడుక్కి, రాళ్ళు పైకి. అందుకే లోయలో ఆ రాళ్ళగుట్టలు ఇప్పటికీ పాముల్లా మెలికలు తిరిగి కనిపిస్తాయి, మొక్క పట్టడం కష్టం.

ఇప్పుడు ఆ ప్రజల పేరు ట్రోండెక్ హ్వెచిన్, ఆ నదివాళ్ళు అని. 1998లో కెనడాతో స్వపరిపాలన ఒప్పందం చేసుకున్నారు. 2023లో యునెస్కో ట్రోండెక్-క్లోండైక్‌ను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. యుకాన్ నదిలో రాజు సాల్మన్ (చినూక్ అనే పెద్ద జాతి సాల్మన్) మాత్రం ఎంతగా తగ్గిందంటే, 2024లో కెనడా, అలాస్కా ఏడేళ్ళపాటు వేట ఆపాలని ఒప్పుకున్నాయి. దానికి కారణాలు చాలా ఉన్నాయి, సముద్రం వేడెక్కడంతో సహా. పాత తవ్వకాల మీదే నెట్టేస్తే అన్యాయం.

ఈసారి ఆ కథ అచ్చు వేసేటప్పుడు మూడు పనులు చేయాలని మనవి. ట్రోండెక్ అన్న మాట, దాని అర్థం రాయండి. కేష్, షా ట్లా, కా గూఖ్ పేర్లు కార్మాక్ పేరుకు ముందే వేయండి. మంచు మీద బారులు తీరిన జనం ఫోటో పక్కన షా ట్లా ఫోటోకు కాస్త చోటివ్వండి. ఆమె ఫోటోలు ఉన్నాయి. 1900లో కార్మాక్ వదిలేస్తే ఆమె తన వాళ్ళ దగ్గరికి కార్‌క్రాస్‌కు తిరిగొచ్చింది, 1920లో అక్కడే చనిపోయింది.

ఇట్లు,
గనుల పాఠాలు చెప్పే ఇద్దరు ఉపాధ్యాయులు,
కొత్తగూడెం