ఫాక్స్‌గ్లవ్ కుండీలోనా, నేలలోనా?

ధవళేశ్వరం,
అక్టోబరు 12.

చిరంజీవి సౌభాగ్యవతి శారదకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమిద్దరమూ క్షేమం. అక్కడ నీవు, అల్లుడుగారు, చిట్టి క్షేమమని తలుస్తాను. నీ దగ్గరనుంచి మాట వచ్చి ఇరవై ఆరు రోజులైంది కనుక తలచుకోవడమే తప్ప తెలిసే దారి లేదు. రోజులు లెక్కపెట్టింది మీ అమ్మ, నేను కాదు. అయినా ఆ సంగతి ఎత్తడానికి ఈ ఉత్తరం వ్రాయడం లేదు. నిన్న కడియపులంక వెళ్ళి నర్సరీలన్నీ ఒక చుట్టు చుట్టి వచ్చాను, శీతకాలపు మొక్కల ముచ్చట నీతో కాక ఇంకెవరితో చెప్పుకోవాలి?

మన బంతి నారు అప్పుడే రెండాకులు వేసింది. సంక్రాంతి గొబ్బెమ్మలకు పూలు అందాలంటే అక్టోబరు మొదటి వారం దాటకుండా విత్తు పడాలని, నెల నారును నాటి, అది నిలదొక్కుకున్నాక తల తుంచితేనే పక్కకొమ్మలు వేసి గుబురుగా పూస్తుందని నీకు చిన్నప్పటినుంచీ తెలిసిందే. ఈసారి మీ అమ్మ పోరు పడలేక పెటూనియా కూడా పోశాను. దాని విత్తనం నశ్యంలా ఉంటుంది. సన్నటి ఇసుకలో కలిపి చల్లాలి, వెలుతురు తగిలితేనే మొలుస్తుంది కాబట్టి పైన మట్టి కప్పకూడదు, పైనుంచి నీళ్ళు పోస్తే కొట్టుకుపోతుంది కాబట్టి ట్రేను నీళ్ళ పళ్ళెంలో పెట్టి అడుగునుంచి తడి ఎక్కనివ్వాలి. ఇంతా చేస్తే, మొన్నటి అల్పపీడనం రెండు రోజుల ముసురుకు ఒక ట్రే మొత్తం నారుకుళ్ళు సోకి, మొదళ్ళు నల్లబడి పడిపోయింది. మిగిలినదానికి లీటరు నీటికి మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్ళు తడిపాను. నన్నడిగితే గోదావరి ఒడ్డున పెటూనియా దండగ. మార్చి ఎండ తగలగానే తల వేలాడేస్తుంది. కోడిజుట్టు, బొగడబంతి, జీనియా అలా కాదు, ఎండ ముదిరినా రంగు నిలుపుతాయి, విత్తనం కూడా మనమే ఎత్తుకోవచ్చు.

మొన్న బుల్లత్త ఫోను చేసింది. అల్లుడుగారు ఉద్యోగం మారుతున్నారనీ, మీరు ఇంగ్లండులో ఆ లీడ్స్ ఇల్లు ఖాళీ చేస్తున్నారనీ ఎవరో అన్నారట. బుల్లత్త మాటల్లో సగం గాలికి పోయేవేనని నేను మీ అమ్మతో అన్నాను. మళ్ళీ ఆ మాట మేమిద్దరమూ ఎత్తలేదు.

నేను అడగదలచినది వేరు. జూన్‌లో నీవూ చిట్టీ కలిసి ఫాక్స్‌గ్లవ్ విత్తనాలు పోశామని చెప్పావు. అవి ఏ స్థితిలో ఉన్నాయి? అది ద్వైవార్షికం. ఈ ఏడు ఆకులతో నేలకు అంటుకుని కూర్చుని, చలికాలమంతా ఓర్చి, వచ్చే మే, జూన్ నెలల్లో కాడ ఎత్తి పూస్తుంది. ఆ ఇంట్లో వచ్చే వేసవికి ఉండబోయేవాళ్ళే దాన్ని పోసుకుంటారని నేను మీ అమ్మకు ధైర్యం చెప్పాను. నేను చెప్పినది సరైనదేనా?

ఆ పువ్వు పేరు వింటే నాకు ఊటీయే గుర్తుకు వస్తుంది. నీకు తొమ్మిదేళ్ళు. బొటానికల్ గార్డెన్లో నీ ఎత్తున్న కాడకు వరుసగా వేలాడే గులాబీ రంగు గంటలు చూసి, లోపలి చుక్కలు లెక్కపెడుతూ అక్కడే కూలబడ్డావు. బస్సుకు వేళ మించిపోతున్నదని మీ నానమ్మ కేకలు వేస్తున్నా కదలలేదు. చివరికి విత్తనాల పొట్లం కొనిస్తే గానీ లేవలేదు. ఇంటికి వచ్చి పోస్తే ఇరవై దాకా మొలిచాయి, నిలిచినవి నాలుగు. ఏడాదిపాటు రోజూ పొద్దున్నే వాటి దగ్గర కూర్చునేదానివి. ఆకులు తప్ప ఏమీ రాకపోతే ‘‘ఇది దేనికోసం చూస్తోంది నాన్నా?’’ అని అడిగావు. చలి కోసమని చెప్పి ఊరుకుంటే పోయేది, కొన్ని వారాలపాటు గట్టి చలి తగిలితేనే ఇలాంటి మొక్కలకు పూతకు రావాలన్న కబురు అందుతుందని, మనకు జనవరి వేకువన కూడా ఆ చలి రాదని, అందుకే మనం తినే క్యాబేజీ రకాలు కొన్నిటికి విత్తనం హిమాచల్ కొండల్లో పండిస్తారని పాఠమంతా చెప్పాను. మర్నాటినుంచి ఫ్రిజ్‌లో ఐసు ముక్కలన్నీ ఆ నాలుగు కుండీల్లోకి చేరాయి. మీ నానమ్మ మజ్జిగలోకి ఐసు అడిగితే ‘‘మొక్కలకు పెట్టేశాను’’ అన్నావు. రోహిణీకార్తె ఎండలకు నాలుగూ పోయాయి. నీవు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మీ అమ్మ ఆ కుండీల్లోనే బంతి నాటి నిన్ను ఊరడించింది.

ఇప్పుడు నీకు ఐసు అక్కర లేదు, అడగకుండానే వచ్చే చలి ఉంది. ఇంకా నాటకపోతే వెంటనే నాటాలి. నేల గడ్డకట్టక ముందే వేరు కుదురుకోవాలి. మొక్కకు మొక్కకు అడుగున్నర ఎడం ఉండాలి, ఆకుల నడిబొడ్డు మట్టిలో పూడకూడదు. తడి రాత్రుల్లో నత్తలను ఏరివేయి. బంతి, కాస్మోస్ వంటి ఏకవార్షికాలను మాత్రం మే నెలాఖరుదాకా బయట పెట్టకు, ఒక్క మంచు రాత్రికే నల్లబడతాయి. ఒకవేళ ఫాక్స్‌గ్లవ్ ఇంకా కుండీలోనే ఉంటే, అదీ మంచిదే. కుండీని ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. నేను ఏమీ అనడం లేదు, మొక్క సంగతి చెబుతున్నాను.

చిట్టిని ఆ ఆకులు నోట పెట్టుకోనివ్వకు. ఆకు, పువ్వు, గింజ అన్నీ విషమే. ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడిగించు. మీ అమ్మ గుండెకు పొద్దున్నే వేసుకునే డిగాక్సిన్ మాత్రను దీని తోబుట్టువు మొక్క ఆకులనుంచే తీస్తారు. విలియం విథరింగ్ అనే ఇంగ్లండు వైద్యుడు 1785లోనే ఫాక్స్‌గ్లవ్ మందుగా ఎంత మేలు చేస్తుందో, మోతాదు మించితే ఎంత కీడు చేస్తుందో వ్రాసిపెట్టాడు. మీ అమ్మ మాత్ర వేళకే వేసుకుంటున్నది. రాత్రిళ్ళు మాత్రం ఫోను దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నది.

నీకు పంపే పొట్లంలో కోడిజుట్టు గింజలు పెడదామనుకున్నాను, విత్తనాలు దేశం దాటించాలంటే కాగితాలు కావాలట, మానేశాను. కంది పొడి, ఉన్ని మేజోళ్ళు మాత్రమే పంపిస్తున్నాను. తోటలోకి వెళ్ళేటప్పుడు మేజోళ్ళు వేసుకో, చెప్పులతో తడి గడ్డిలో తిరగకు. ఏ చిరునామాకు పంపాలో చెప్పు. పాతదే అయితే పాతదేనని చెప్పు.

వాట్సాప్‌లో నా సందేశాలకు రెండు నీలం గీతలు పడుతూనే ఉన్నాయి కనుక చూస్తున్నావని తెలుసు. ఆదివారం మాకు సాయంత్రం ఆరు గంటలకు, అంటే నీకు ఒంటిగంటన్నరకు, నేను అరుగు మీద ఫోను పక్కన పెట్టుకుని కూర్చుంటాను. నెలాఖరు ఆదివారం మీ గడియారాలు గంట వెనక్కి జరుపుతారు కాబట్టి ఆ రోజైతే పన్నెండున్నర అవుతుంది, అంతదాకా ఆగకు. ఎక్కువ మాట్లాడలేకపోతే ఆ ఫాక్స్‌గ్లవ్ కుండీలో ఉన్నదా, నేలలో ఉన్నదా, ఆ ఒక్క మాట చెప్పు చాలు.

ఇట్లు,
మీ నాన్న