ఎద్దు, బండి, మూడో గమన నియమం

సంపాదకులకు నమస్కారం.

ఉన్నత పాఠశాలలో చాలా ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పిన అనుభవంతో, తొమ్మిదో తరగతిలోని గమన నియమాల పాఠం గురించి ఈ లేఖ రాస్తున్నాను. ప్రతి చర్యకూ సమానమైన, వ్యతిరేక దిశలో ఉండే ప్రతిచర్య ఉంటుందని తడుముకోకుండా అప్పజెప్పే పిల్లలే, ఆ రెండు బలాలూ ఏయే వస్తువుల మీద పనిచేస్తున్నాయని అడిగితే నోరు మెదపరు. మూడో నియమానికి ప్రాణం ఆ ప్రశ్నలోనే ఉంది. పరీక్షలో మాత్రం నిర్వచనం రాస్తే మార్కులు పడిపోతాయి.

ఒక ఏడాది వెనక బెంచీ అమ్మాయి ఒకరు లేచి, "ఎద్దు బండిని ఎంత బలంతో లాగితే బండీ ఎద్దును అంతే బలంతో వెనక్కి లాగుతుంది కదా, మరి బండి ఎలా కదులుతుంది సార్?" అని అడిగింది. మిగిలిన పీరియడంతా ఆ ప్రశ్నకే కేటాయించాను. బలాలు సమానమే అయినా ఒకటి బండి మీద, మరొకటి ఎద్దు మీద పనిచేస్తాయి కాబట్టి అవి ఒకదాన్నొకటి రద్దు చేసుకోవు. ఎద్దు గిట్టలతో నేలను వెనక్కి నెడితే నేల ఎద్దును ముందుకు నెడుతుంది. ఆగి ఉన్న బండి మీద ఎద్దు లాగే బలం చక్రాల దగ్గరి నిరోధాన్ని మించితే బండి కదులుతుంది. ఇంతవరకు చెప్పగానే, వానాకాలం బురదలో గిట్టలు జారే చోట బండి ఎందుకు కదలదో ఆ అమ్మాయే తరగతికి వివరించింది.

బల్ల మీది పుస్తకం విషయంలో కొన్ని గైడ్లే తప్పు నేర్పుతున్నాయి. పుస్తకం భారం, బల్ల దాన్ని పైకి నెట్టే బలం రెండూ పుస్తకం మీదే పనిచేస్తాయి కనుక అవి చర్య, ప్రతిచర్యల జంట కావు. భూమి పుస్తకాన్ని లాగడానికి జంట, పుస్తకం భూమిని లాగడమే.

తొక్కడం మానేస్తే సైకిలు ఆగిపోతుంది కాబట్టి కదలికకు ఎప్పుడూ బలం ఉండాలన్న నమ్మకం అరిస్టాటిల్ నాటిది. గెలీలియో ఏటవాలు పలకల మీద గోళాలు దొర్లించి దాన్ని సవాలు చేశాక, న్యూటన్ 1687లో 'ప్రిన్సిపియా' గ్రంథంలో, బయటి బలం ఏదీ లేకపోతే కదిలే వస్తువు అదే వేగంతో తిన్నగా సాగిపోతుందన్న మొదటి నియమాన్ని ప్రకటించాడు. అంతటి మేధావులు శ్రమించి తేల్చిన విషయాన్ని ఒక్క పీరియడులో ముగించడం పిల్లలకు అన్యాయం.

ప్రశ్నపత్రాలు తయారుచేసేవారు బలాల పటం గీయించి, ప్రతి బాణం పక్కన 'ఏది, దేని మీద' అని రాయమని అడగాలి. విద్యాశాఖ ప్రతి ఉన్నత పాఠశాలకూ కనీసం రెండు స్ప్రింగు త్రాసులు ఇవ్వాలి. కొక్కేనికి కొక్కెం తగిలించి ఇద్దరు పిల్లల చేత లాగిస్తే, ఎవరు గట్టిగా లాగినా రెండు ముళ్లూ ఒకే అంకె దగ్గర నిలవడం వాళ్లు కళ్లారా చూస్తారు.

— విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, తెనాలి