శీనూ, ముందు స్టాక్ సంగతి విను

ఒరేయ్ శీనూ,

ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు నాలుగు తిట్టు, పడతాను. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, చిన్నాడు స్కూలు మారాడు. మిగతావి తర్వాత. నువ్వు ఆన్‌లైన్లో కొవ్వొత్తులు అమ్మబోతున్నావని చదివినప్పటి నుంచి ఒక్క విషయం చెప్పాలని ప్రాణం కొట్టుకుంటోంది.

మా వదిన బ్యాగుల వ్యాపారం తెలుసుగా. ఏడాది లెక్కలకి ఆడిటరు దగ్గరికి నన్ను తోడు తీసుకెళ్లింది. "అకౌంట్లో డబ్బే మిగల్లేదు, ఇంక పన్నేంటి?" అని ఆవిడ ధీమా. కొన్న బిల్లులన్నీ ఆయన ముందు పెట్టింది. ఆయన ఒక్కటే అడిగాడు: "వీటిలో ఇంకా అమ్ముడుపోనివి ఎన్ని?"

అక్కడుందిరా అసలు సంగతి! లెక్క కోసం అనుకో, ఒక్కోటి 100 చొప్పున 200 బ్యాగులు కొన్నావు. 20,000 అయింది. అందులో 120 బ్యాగుల్ని 180కి అమ్మావు, 21,600 వచ్చింది. మిగిలింది 1,600 అనిపిస్తుంది కదూ? కాదు. మామూలు పద్ధతిలో, అమ్మిన 120 బ్యాగుల ధర 12,000 మాత్రమే ఈ ఏడాది ఖర్చు. బీరువాలో ఉన్న 80 బ్యాగులు స్టాక్, అంటే ఇంకా అమ్ముడుపోని సరుకు; వాటి ధర 8,000 ఈ ఏడాది ఖర్చులోకి రాదు. అంటే కమీషన్లు, కొరియరు తీయకముందు లాభం 9,600! డబ్బు కంటికి కనపడదు, పన్ను మాత్రం కట్టాలి. పాపం వదిన ముఖం చిన్నబోయింది. రాత్రిళ్లు మేలుకుని ఫొటోలు పెట్టిన మనిషి... నాకే గుండె కలుక్కుమంది. ఆ 8,000 ఎక్కడికీ పోదు, అమ్మిన ఏడాది ఖర్చు కిందకి వస్తుందని ఆయన చెప్పాక కాస్త తేరుకుంది.

కాబట్టి నువ్వు కొనే మైనం, వత్తులు, అట్టపెట్టెలు ఏడాది చివర ఎన్ని మిగిలాయో కూర్చుని లెక్కపెట్టు. ఇంటికి వాడుకున్నవి, చుట్టాలకి ఇచ్చినవి వ్యాపార ఖర్చులో కలపకు. దారిలో పగిలినవాటికి ఫొటో తీసి ఉంచు.

సరుకు ఫొటోలు తీసే కెమెరా సంగతి వేరు. ఏళ్లపాటు పనికొచ్చే వస్తువు కాబట్టి సాధారణంగా దాని ధరని కొన్నేళ్లకి పంచి తరుగుదల కింద తీస్తారు. కొన్నిచోట్ల చిన్న వస్తువుల్ని ఒకేసారి రాసుకోనిస్తారు, అడిగి చూడు. దాంతోనే ఇంట్లో ఫంక్షన్ల ఫొటోలు కూడా తీస్తే, వ్యాపారానికి వాడిన వాటా మేరకే. ఫోనుకీ అంతే.

ఇంకోటి. "ఎలాగూ ట్యాక్స్‌లో తగ్గుతుందిలే" అని కెమెరాకి లెన్సు కొంటానన్నావు. ఒరేయ్, వద్దు! నీ పన్ను రేటు 20 శాతమైతే, 1,000 ఖర్చు చూపిస్తే తగ్గే పన్ను 200. మిగతా 800 నీ జేబులోంచే. అవసరముంటే కొను, పన్ను కోసం కొనకు. ఈ మాట మీద నీతో పోట్లాడటానికైనా సిద్ధం.

ఇంకా అమ్మకాల్లో ఇంత శాతం లాభం అని ముందే లెక్కగట్టే పద్ధతి చిన్న వ్యాపారులకు కొన్నిచోట్ల ఉంటుందట. అందులో చేరితే విడి ఖర్చులు మళ్లీ తీసుకోనివ్వరని... అయ్యో, వదిన పిలుస్తోంది, కొరియరబ్బాయి వచ్చేశాడు, పార్శిళ్లకి టేపు వెయ్యాలి. మిగతాది రేపు రాస్తాను. అప్పటిదాకా లెన్సు కొనకు!

నీ
బుజ్జి