గ్రాసా కొండ మీది మా టాష్కా గురించి లిస్బన్ మేయర్ గారికి బహిరంగ లేఖ

మేయర్ గారికి నమస్కారం.

నేను మీ ఊళ్ళో ఉంటున్న తెలుగువాణ్ణి. భారత పౌరుణ్ణి కాబట్టి మీ ఎన్నికల్లో నాకు ఓటు లేదు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే గ్రాసాలో మేం రోజూ తినే టాష్కా ఈ డిసెంబరు నెలాఖరుకి మూతపడబోతోంది. పోర్చుగీసు ప్రతి మీ ఆఫీసుకి పంపుతున్నాను. తెలుగులో ఇక్కడ పెడుతున్నది, లిస్బన్‌లో ఉన్న మనవాళ్ళు కూడా చదివి తలా ఒక ఉత్తరం రాస్తారని.

టాష్కా అంటే తెలియనివాళ్ళకి ఒక్క మాట. మన మెస్ లాంటిది, పేటలోవాళ్ళు ఇంటి వంట తినడానికి వెళ్ళే చిన్న హోటలు. ఎనిమిది బల్లలు, ట్యూబులైటు, అల్యూమినియం కౌంటరు, అద్దానికి అంటించిన కాగితం మీద చేత్తో రాసిన ఆనాటి వంటలు. బల్ల మీద పరిచేది కాగితం గుడ్డ, దాన్ని వాళ్ళు 'తువాల్య' అంటారు. మన తువ్వాలు ఆ మాటే, ఎప్పుడో వాళ్ళ ఓడల్లో మన తీరానికి వచ్చింది. తినడం అయ్యాక యజమాని చెవి వెనక పెట్టుకున్న పెన్ను తీసి, ఆ కాగితం మూలనే అంకెలు వేసి, కూడి, కింద గీత గీస్తాడు. సూపు, పళ్ళెం, గ్లాసు వైను, చివర్లో బీకా కాఫీ, అన్నీ కలిపి 10 యూరోలు. 2025లో ఈ దేశపు కనీస వేతనం నెలకి 870 యూరోలు. ఆ జీతం మీద ఈ నగరంలో అద్దె కట్టుకునే మనిషికి మధ్యాహ్నం కూర్చుని వేడిగా తినే చోటు ఇదొక్కటే.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు నాకు భాష రాదు. అద్దం మీది కాగితం వైపు చూస్తూ నిలబడితే, వంట చేసే పెద్దావిడ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి ఒక్కో గిన్నె మూత తీసి చూపించింది. ఒకదాంట్లో కాల్దు వెర్ద్, బంగాళదుంప మెదిపిన పులుసులో వెంట్రుకల్లా సన్నగా తరిగిన ఆకుకూర. ఇంకోదాంట్లో జారుగా వండిన టమాటా అన్నం. పొయ్యి పక్కన పళ్ళెంలో వేలెడేసి చేపలు, పిండి అద్ది తలతో సహా కరకరలాడేట్టు వేయించినవి. అచ్చం మా ఇంట్లో నెత్తళ్ళ వేపుడే. ఆ రోజు నేను మాట్లాడిన మాట ఒక్కటీ లేదు, వేలు పెట్టి చూపించడమే. కడుపు నిండా తిని, బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని అమ్మకి ఫోన్ చేశాను.

ఎదురు భవనం మూడో అంతస్తులో ఒక ముసలావిడ ఒంటరిగా ఉంటుంది. మోకాళ్ళ నొప్పులు, లిఫ్టు లేదు. ఆవిడ ఒక రోజు కిందికి దిగకపోతే యజమాని సూపు గిన్నె మీద పళ్ళెం బోర్లించి కుర్రాడితో పైకి పంపిస్తాడు. ఆ కుర్రాడు నేపాల్ నుంచి వచ్చినవాడు. ఒకప్పుడు స్పెయిన్‌లోని గలీసియా నుంచి వలస వచ్చినవాళ్ళు ఇదే లిస్బన్‌లో బొగ్గూ వైనూ ఒకే కొట్లో అమ్మారు, టాష్కాల్లో చాలా వాటికి మూలం ఆ కొట్లే. ఇప్పుడు వాటి వంటిళ్ళలో గిన్నెలు తోమేది, చేపలు శుభ్రం చేసేది చాలా చోట్ల మావైపు నుంచి వచ్చినవాళ్ళు. వలస వచ్చినవాడికి ఈ ఊరు మొదట పరిచయమయ్యేది ఇలాంటి తలుపుల్లోంచే.

ఇదేమీ గిరాకీ లేక మూతపడటం లేదండీ. 2012లో హోటలు భోజనం మీద పన్ను 13 నుంచి 23 శాతానికి పెంచినప్పుడు కూడా నిలబడ్డారు. అది మళ్ళీ 13కి దిగింది 2016లో. కరోనాకి తలుపులు మూసినప్పుడు గుమ్మంలో బల్ల వేసి డబ్బాల్లో అన్నం అమ్మారు. ఇప్పుడు భవనం చేతులు మారింది, కొత్త ఓనరు లీజు పొడిగించనని ఉత్తరం పంపాడు. 2012 అద్దె చట్టం వచ్చాక పాత లీజులు తెంచుకోవడం తేలికైంది, మీకు తెలియనిది కాదు. పర్యాటకులకి రోజువారీ గదులిస్తే వచ్చే డబ్బు ముందు టాష్కా కట్టగలిగే అద్దె ఎంత? ఓనరు చట్టం తప్పాడని నేను అనను. కానీ ఆ మూడో అంతస్తు ఆవిడ గురించి ఆలోచించాల్సింది ఓనరు కాదు, ఊరు.

మీ మునిసిపాలిటీ 2015లో 'లోజష్ కోం ఇష్టోరియా' మొదలుపెట్టింది. చరిత్ర ఉన్న దుకాణాలని గుర్తించి కాపాడే ఈ ఆలోచన చాలా మంచిది, 2017లో దేశం మొత్తానికీ చట్టమైంది, దుకాణం కనీసం 25 ఏళ్ళుగా నడుస్తూ ఉండాలని అందులో అడిగారు. మావాళ్ళకి నలభై దాటాయి. వచ్చే వారం దరఖాస్తు పెడుతున్నారు, కాగితాలు సర్దడానికి నేనూ కూర్చున్నాను. కొలమానాల్లో కట్టడం, అలంకరణ, పాత వస్తువులు అనే భాగం ఒకటుంది. అక్కడికొచ్చేసరికి యజమాని పెన్ను ఆపేశాడు. ఆయన దగ్గర చెక్కిన అల్మారాల్లేవు, పాలరాయి లేదు. ఉన్నది ఆ వంట, రోజూ వచ్చే మనుషులు. దయచేసి వాటికే ఎక్కువ మార్కులు వెయ్యండి. ఒకవేళ లీజు దక్కకపోతే, మునిసిపాలిటీ సొంత భవనాల కింద ఉన్న షాపుల్లో ఒకటి ఇదే పేటలో, ఇదే ధరకి భోజనం పెట్టగలిగేంత అద్దెకి ఇప్పించండి. వేరే పేటలో ఇస్తే ముసలావిడకి సూపు అందదు.

ఇంకో మనవి. పరిశీలనకి మీ మనుషులని పంపిస్తే సాయంత్రం నాలుగింటికి పంపకండి, అప్పుడు వాళ్ళకి కనబడేది ట్యూబులైటూ కౌంటరూ మాత్రమే. గురువారం మధ్యాహ్నం పంపండి. ఆ రోజు కోజీదు, మాంసాలూ సాసేజిలూ క్యాబేజీ టర్నిప్ అన్నీ ఒకే గుండిగలో ఉడికించేది, పొద్దున ఏడింటికే పొయ్యి మీదకెక్కుతుంది. పన్నెండున్నర దాటితే బల్ల దొరకదు, ఆ లోపే రమ్మనండి.

ఇట్లు,
గ్రాసాలో ఉంటున్న ఒక తెలుగువాడు