ముక్కుకు పెట్టిన ఆక్సిజన్ వీరికి అందదు

సంపాదకులకు నమస్కారం.

గొంతు కేన్సర్ ముదిరి స్వరపేటికను పూర్తిగా తీసేసిన మనిషికి ఆయాసం వస్తే, కంగారులో ఎవరైనా చేసే మొదటి పని ముక్కుకూ నోటికీ ఆక్సిజన్ మాస్కు బిగించడం. అందులో ఒక్క పీల్పు కూడా ఊపిరితిత్తులకు చేరదు. ఈ ఆపరేషన్‌లో శ్వాసనాళం పై కొసను మెడ ముందుభాగంలో, ఛాతీ ఎముకకు కాస్త పైన, చర్మానికి కుట్టేస్తారు. తిండి దారిని గాలి దారితో కలవకుండా విడిగా కుట్టేస్తారు. ఆ తర్వాత జీవితాంతం శ్వాస మెడ రంధ్రంలోంచే. నోట్లోంచి గొట్టం వేద్దామన్నా వెళ్లదు.

తాత్కాలికంగా మెడకు గొట్టం వేసే ట్రకియాస్టమీ దీనికి వేరు. అక్కడ పై దారి కూడా ఉంటుంది. బయటికి రెండూ ఒకేలా కనిపించడమే చిక్కు. ఏదో తేలనప్పుడు ముఖానికీ మెడకూ రెండుచోట్లా ఆక్సిజన్ పెట్టాలి. మెడకు ప్రత్యేక మాస్కు లేకపోతే పసిపిల్లల మాస్కు రంధ్రం మీద చక్కగా కూర్చుంటుంది. మెడకు చుట్టిన కండువాను ముందు తీసి చూడటం 108 సిబ్బందికి అలవాటు కావాలి.

ఆయాసానికి ఎక్కువసార్లు కారణం ఎండి గట్టిపడ్డ కఫం. ముక్కులో గాలి తడిసి, వెచ్చబడి లోపలికి వెళ్లే ఏర్పాటు ఈ ఆపరేషన్‌తో పోతుంది. పొడిగాలి నేరుగా శ్వాసనాళాన్ని తాకి కఫం చెక్కు కడుతుంది. రోజుకు నాలుగైదుసార్లు మెడ రంధ్రంలో కొద్దిగా సెలైన్ చుక్కలు వేసి దగ్గించాలి. రంధ్రం ముందు తడి పలుచని నూలుగుడ్డ వేలాడదీయాలి. పీచులు రాలే దూది మాత్రం వద్దు, అది లోపలికి పోతుంది. తలస్నానంలో నీళ్లు మెడమీద పడకూడదు, చెరువులో, కాలువలో దిగనే కూడదు. ఇంకొక సంగతి ఇంట్లోవాళ్లకు తట్టదు: ముక్కులోంచి గాలి ఆడదు కాబట్టి వాసన తెలియదు. గ్యాస్ లీకైనా, అన్నం మాడినా ఆయన పసిగట్టలేరు.

మాట కోసం శ్వాసనాళానికీ అన్నవాహికకూ మధ్య చిన్న కవాటం పెడతారు. రంధ్రాన్ని బొటనవేలితో మూసి ఊపిరి వదిలితే గాలి అన్నవాహికలోకి వెళ్లి మాటవుతుంది. ఈ కవాటం శాశ్వతం కాదు, కొన్ని నెలలకు మార్చాల్సిందే. నీళ్లు తాగగానే దగ్గొస్తే రంగునీళ్లు తాగించి లైటు వేసి చూడాలి. కవాటం మధ్యలోంచి కారితే అది అరిగింది, లేదా ఫంగస్ పట్టింది. చుట్టూ కారితే సైజు సరిపోవట్లేదు. ఊడిపోతే కొన్ని గంటల్లోనే కవాటం పెట్టిన సన్నదారి పూడుకుపోతుంది. వెంటనే ఆస్పత్రికి వెళ్లి ఆ దారిలో రబ్బరు క్యాథెటర్ (సన్న గొట్టం) వేయించుకోవాలి. ఊడిన ముక్క చేతికి దొరకకపోతే ఊపిరితిత్తుల్లో పడిందేమో చూడటం తప్పనిసరి.

డిశ్చార్జయ్యాక మెడ ఎర్రబడి జ్వరం వచ్చినా, కుట్లలోంచి మింగిన నీళ్లో లాలాజలమో కారినా లోపలి కుట్టు విడిందని అనుమానించి నోటి తిండి ఆపి రావాలి. ముందే రేడియేషన్ పడ్డ మెడల్లో ఇది ఎక్కువ. అలాంటి మెడలోంచి కొంచెం రక్తం వచ్చి ఆగిపోయినా ‘తగ్గిందిలే’ అనుకోకండి, పెద్ద రక్తనాళం తెగబోయే ముందు ఇచ్చే హెచ్చరిక కావచ్చు. రేడియేషన్ పొందినవాళ్లు, థైరాయిడ్‌లో సగం తీసినవాళ్లు థైరాయిడ్ మందగించి నీరసం వస్తోందేమో తెలిపే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష ఆర్నెల్లకోసారి చేయించుకోవాలి. నీరసాన్ని కేన్సర్ మీదికి నెట్టేసి దీన్ని వదిలేస్తున్నారు.

ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ చేసే ప్రతి ఆస్పత్రీ ఇంటికి పంపేముందు రోగికీ, ఇంట్లో ఒకరికీ కఫం తీయడం చేతులతో చేయించి చూపాలి. జేబులో పెట్టుకునే తెలుగు కార్డు ఒకటి ఇవ్వాలి. ‘నాకు స్వరపేటిక లేదు. మెడలోంచే శ్వాస. ఆక్సిజన్ మెడకే పెట్టండి’ అనే మూడు మాటలు, ఆపరేషన్ తేదీ, కవాటం సైజు, ఆస్పత్రి ఫోన్ నంబరు ఆ కార్డు మీద ఉండాలి.

— తల, మెడ కేన్సర్ శస్త్రచికిత్స విభాగపు వైద్యులు, నర్సులు, విశాఖపట్నం